టెస్టులకి 'ఎస్ఆర్‌సీ' ఎందుకండీ?

హాస్కెల్ ప్రాజెక్టులో టెస్టులకి "మాడ్యూల్ దొరకలేదు" అని ఎర్రర్ రాగానే చాలామంది చేసే పని ఒకటే.. కబాల్ ఫైల్లో టెస్టుల హెచ్ఎస్-సోర్స్-డిర్స్‌కి 'ఎస్ఆర్‌సీ' కూడా తగిలించెయ్యడం! ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ అవే ఫైళ్ళు లైబ్రరీకోసారి, టెస్టులకోసారి కంపైలవుతాయి.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మా టీములో ఓసారి టెస్టులన్నీ పాసయ్యాయి, ఆ ప్యాకేజీ వాడే పక్క టీముకి మాత్రం మాడ్యూలే కనపడలేదు. ఎక్స్‌పోజ్డ్-మాడ్యూల్స్‌లో దాని పేరుంటే కదా! టెస్టులు చూసింది తమ సొంత కాపీని, జనం వాడే లైబ్రరీని కాదు.

అందుకే నామటుకు నేను అక్కడ టెస్టుల డైరెక్టరీ ఒక్కటే ఉంచి, బిల్డ్-డిపెండ్స్‌లో మన లైబ్రరీ పేరు రాస్తాను. బయటికి చూపించకూడని మాడ్యూళ్ళని టెస్ట్ చెయ్యాలంటే, 2017లో కబాల్ 2.0తో వచ్చిన ఇంటర్నల్ లైబ్రరీలు ఉండనే ఉన్నాయి. వంట రుచి వడ్డించిన విస్తట్లోంచే చూడాలి మరి.. ఏమంటారు?