పటిక నీళ్ల జ్ఞాపకం

శ్రీకాళహస్తి, ఆదివారం

అక్కా,

కొత్త ముద్రణశాలకు ముందు కొనాల్సింది ప్రెస్సేనని నువ్వూ బావా అంటున్నారు. ఈ ఊరి పని చూస్తుంటే అది తలకిందుల లెక్కేమో అనిపిస్తోంది. జ్ఞాపకాల మీద బొమ్మలు అచ్చువేస్తానన్నవాడు అసలు జ్ఞాపకం ఎక్కడుంటుందో ముందు తేల్చుకోవాలి. బొమ్మలో ఉంటుందనుకుంటాం. ఈ ఊరి కలంకారీలో అది గుడ్డలో ఉంటుంది. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్లలో వారాల తరబడి పులియబెడితే వచ్చే కసిం చూడటానికి పలచటి మురికినీళ్లే. కలం మొన నుంచి ఆ గుడ్డ మీదికి దిగాక నల్లబడుతుంది, కరక్కాయ వగరు అక్కడ కాచుకొని ఉంది గనక. ఎరుపు ఇంకా ఆలస్యం. పటికనీళ్లతో రాసింది ఆరాక దాదాపు కనబడదు. చవలకొడి, సురుడు చెక్క అనే రంగు దినుసులు వేసి గుడ్డంతా ఉడకబెట్టాకే పటిక తాకినచోట ఎరుపు నిలుస్తుంది, మిగతాచోట అంటింది పేడనీళ్లకూ ఉతుకులకూ ఎండకూ వదిలిపోతుంది. గీసినవాడు గుడ్డకిచ్చింది ఎరుపును గుర్తుపట్టే గుణం. నేను జ్ఞాపకం అంటున్నది దాన్నే.

ఇది చేతిరాత, అచ్చు కావాలంటే పెడన వెళ్లు అంటావు. నిజమే, చెక్క అచ్చులు అక్కడివి, ఇక్కడ కలమే. కానీ ఆమ్లం తిన్న రేకు చేసేదీ ఇదే పని. గీత పల్లమై కూర్చుంటుంది. సిరా పూసి తుడిచాక ఆ పల్లంలో మిగిలిందే కాగితానికి ఎక్కుతుంది. ఈ చిత్తూరు సీమవారే, 1925లో నందనూరులో పుట్టిన ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి, దీన్ని ఎంత దూరం తీసుకెళ్లారో చూడు. పారిస్‌లో హేటర్ అనే చిత్రకారుడు నడిపిన అటెలియే 17 ముద్రణశాలలో, కైకో మోతీ వంటి తోటివాళ్లతో కలిసి, ఒకే రేకు మీద పలు రంగులు ఒకేసారి అచ్చయ్యే పద్ధతిని సాధించారు. నూనె ఎక్కువున్న పలచని సిరాను గట్టి రోలరుతో మిట్టలకు, చిక్కటి సిరాను మెత్తటి రోలరుతో పల్లాలకు పట్టిస్తారు. పలచనిది ఉన్నచోట చిక్కనిది అంటుకోదు. శివుడికి పాము పెట్టిన మణుల్ని ఏనుగు తోసేసిందని స్థలపురాణం చెప్పుకునే ఊళ్లో ఈ సంగతి ఎవరికీ వింతగా ఉండదులే! 1963 నాటి ఆయన ‘వర్ల్‌పూల్’లో సుడి తిరిగే రంగులు అలా పుట్టినవే.

శ్రీకాళహస్తి, మంగళవారం

అక్కా,

జ్ఞాపకం గుడ్డలోనో రేకులోనో నిలవాలన్నా దానికి ఒక చోటు కావాలంటాను నేను. అలాగైతే కృష్ణారెడ్డి ఊరు వదిలి పారిస్‌లో, న్యూయార్క్‌లో బతికారు కదా, జ్ఞాపకానికి చోటెందుకు అని అడగవచ్చు. ఈ అభ్యంతరం బలమైనదే. అయితే ఆయన ఎక్కడున్నా పదిమంది కలిసి పనిచేసే శాలలోనే ఉన్నారు. ఒంటరి గదిలో ఆ సిరాల గుట్టు తెలిసేది కాదేమో. ఇక్కడి కథా అదే చెబుతుంది. పాత కాళహస్తి గుడి గుడ్డలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగానే ఉన్నాయి. కసిం ఎన్నాళ్లు పులియాలో అవి ఎవరికీ నేర్పలేదు. పని సన్నగిల్లాక, చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టి, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి చేత నేర్పిస్తే మళ్లీ చేతులు తయారయ్యాయి. ఆయన కుమారుడు గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కాబట్టి చోటు అంటే నేననేది ఊరిపేరు కాదు. పక్కన ఇంకొకరు నిలబడి చూసేంత జాగా.

మిగిలింది నీళ్ల సంగతి, నాకు జవాబు సరిగ్గా దొరకనిది ఇక్కడే. పటిక వేసిన గుడ్డను పారే నీటిలో ఉతకాలి, లేకుంటే వదిలిన పటిక పక్కచోటికి పాకి అక్కడా ఎరుపు పుట్టిస్తుంది. స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా కాలం ఇసుకే. నీళ్లు లేకపోతే ఎంత నేర్చిన చెయ్యైనా ఏం చేస్తుంది? బజారులో కలంకారీ పేరుతో అమ్మే స్క్రీన్ ప్రింటు చీరలకు ఈ బాధ లేదు, ధరా తక్కువ; కొనేవాళ్లను తప్పుపట్టను. వాటికి బొమ్మ ఒక్కటే వచ్చింది, అంతే.

అందుకని డబ్బు ముందు నీళ్ల తొట్టికి, నీళ్లు పారిపోయే కాలవకు, నలుగురు నిలబడగల పొడుగాటి బల్లకు పెడదాం. ప్రెస్సు కొన్నాళ్లు ఎవరిదైనా వాడుకోవచ్చు. మన పెరటి బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ఉంచు. అందులో ఇనుము ఎక్కువుంటే పటిక మీద వచ్చే ఎరుపు మసకబారుతుంది. వచ్చాక ముందు ఆ పరీక్షే.

నీ తమ్ముడు