ఆ ఆరంకెలు ఎవరి చేతిలో?

“ఓటీపీ ఎవరికీ చెప్పకండి” అని బ్యాంకులు, పోలీసులు, ఆదాయపు పన్ను శాఖ అందరూ చెబుతూనే ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకొక సందేహం. అసలా ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది? ఎంతమంది ఉద్యోగినులకు రావలసిన ఆ ఆరంకెలు భర్త ఫోనుకో, కొడుకు ఫోనుకో, ఆడిటర్ దగ్గరి గుమస్తా ఫోనుకో వెళుతున్నాయి? దాచుకోవాలంటే ముందు అది మన చేతికి రావాలి కదా!

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. లెక్కల మనిషిని కాను. అయినా ఫారం 16 చేతికందే జూన్ నుంచి, మా బోటి జీతగాళ్లకు గడువైన జులై 31 దాకా తోటి అధ్యాపకురాళ్లు కొందరు వచ్చి నా దగ్గర కూర్చుంటారు. నా రిటర్న్ నేనే వేసుకుంటానని వాళ్లకు తెలుసు, అంతే. “పోర్టల్లో ఉన్న ఫోన్ నంబరు ఎవరిది?” అన్నది నేనడిగే మొదటి ప్రశ్న. చాలాసార్లు జవాబు ఒక నవ్వే. “ఆయనే చూస్తారండీ, నాకివన్నీ ఎక్కడ తెలుస్తాయి?” పొద్దున క్లాసులో సేంద్రియ రసాయనశాస్త్రం అలవోకగా బోధించిన స్త్రీ నోటి నుంచి వచ్చే మాట ఇది. తన డబ్బు గురించి తనకు తెలియకపోవడం కూడా ఒక అణకువేనని మనకెవరు నేర్పారు?

మా చిన్నమ్మ ముప్పయ్యేళ్లకు పైగా బళ్లో పాఠాలు చెప్పి రిటైరైంది. బ్యాంకు, ఆధార్, పన్నుల పోర్టల్ అన్నిటికీ బాబాయి నంబరే. బాబాయి పోయాక ఆ ఫోన్‌కు ఎవరూ రీఛార్జి చేయించలేదు. మూడు నెలలు వాడకపోతే కంపెనీ ఆ నంబరు తీసేసి మరొకరికి ఇవ్వవచ్చు. చిన్నమ్మకు పింఛను మీద కోసిన పన్ను కొంత వెనక్కి రావలసి ఉండి, రిటర్న్ వెయ్యడానికి కూర్చున్నాం. “కోడ్ పంపించాం” అని తెర మీద కనిపించింది. ఎవరికి పంపించారు? ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తాడు. “నెలనెలా పింఛను పడినట్టు మెసేజీలు నాకే వస్తున్నాయండీ, ఎవరివో తెలీలేదు” అన్నాడు. మంచివాడు కనుక చెప్పాడు. కాకపోయి ఉంటే?

నంబరు మార్పించడానికి ఆధార్ కేంద్రానికి వెళ్లాం. సుద్దముక్కలు పట్టీ, గిన్నెలు తోమీ అరిగిపోయిన ఆమె వేళ్లను యంత్రం గుర్తుపట్టలేదు. చివరికి కనుపాపలతో పని నడిచింది. అప్పుడు బయటపడింది ఇంకో చిక్కు. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పాన్ సంఖ్యలో ఐదో అక్షరం, కార్డు తీసుకున్నప్పుడు ఉన్న ఇంటిపేరులోని మొదటి అక్షరం. పెళ్లయ్యాక పేరు మార్చుకున్నా ఆ సంఖ్య మారదు. కార్డు మీద తండ్రి పేరో తల్లి పేరో ఉంటుంది గానీ భర్త పేరుండదు. తల్లి ఒక్కతే పెంచిన బిడ్డలు తండ్రి పేరు రాయనక్కర్లేదన్న సవరణ 2018 డిసెంబరులో గానీ అమల్లోకి రాలేదు. ఒక కార్డుకు కూతురు, ఇంకో కార్డుకు భార్య. ఈ రెంటినీ కలిపి “నేను ఒక్కదాన్నే” అని రుజువు చేసుకోవడానికి చిన్నమ్మకు రెండు నెలలు పట్టింది.

ఇంకొక సహోద్యోగిని అనుభవం వేరు. మన పాన్ మీద ఎక్కడెక్కడ ఏ లావాదేవీ జరిగిందో చూపించే ఏఐఎస్ అనే నివేదిక 2021 నుంచీ పోర్టల్లో దొరుకుతోంది. ఆమెది తెరిచాం. తన జన్మలో షేరు కొనని ఆమె పేరు మీద పేజీల కొద్దీ షేర్ల క్రయవిక్రయాలు! భర్త ఎప్పుడో “ఇక్కడో సంతకం పెట్టు” అంటే పెట్టింది. నేను మోసం అనే మాట వాడగానే నొచ్చుకుంది. “అంత మాట అనకండి, మా ఆయనే కదా.”

ఆ మాట గురించే ఆలోచిస్తున్నాను. మన పాన్‌తో బయటివాడు ఖాతా తెరిస్తే నేరం. ఇంట్లోవాడు తెరిస్తే సంసారం. కానీ నోటీసు వచ్చేది మాత్రం ఆమె పేరుకే. చట్టానికి ఈ ఇంటి గుట్టు తెలియకేం కాదు. భర్త భార్యకు ఊరికే ఇచ్చిన డబ్బు మీద వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలిపి లెక్కగట్టాలని 1961 చట్టంలోని 64వ సెక్షన్ చెప్పింది. భార్య భర్తకిచ్చినా అంతే. 2025లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ పద్ధతి ఉంది. అయితే ఆ సెక్షన్ కాపాడేది ఖజానాను. తన పేరును తనకు చెప్పకుండా వాడుకున్నారన్న ఫిర్యాదుకు అందులో చోటు లేదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ హక్కు గుమ్మం దాటి లోపలికి ఎంతవరకు వచ్చింది? భర్త జీతమెంతో భార్య సమాచార హక్కు కింద అడిగితే “వ్యక్తిగత సమాచారం” అని తిప్పి పంపిన సందర్భాలున్నాయి. 2020లో కేంద్ర సమాచార కమిషన్ ఒక కేసులో భర్త స్థూల ఆదాయం భార్యకు చెప్పమని ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో, మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులూ అప్పులూ అఫిడవిట్‌లో చూపాలని సుప్రీంకోర్టు నిర్దేశించింది. అంటే ఆయన లెక్క తెలుసుకోవాలంటే ఆమె కమిషన్ దాకా, కోర్టు దాకా వెళ్లాలి. ఆమె లెక్క ఆయనకు తెలియడానికి ఆయన సోఫాలోంచి లేవనక్కర్లేదు.

అందుకని నా దగ్గర కూర్చునేవాళ్లకు కొన్ని పనులు చెబుతాను. ఎవరి మీదా అనుమానంతో కాదు, మన పని మనదని. పోర్టల్లో, బ్యాంకులో, ఆధార్‌లో మన సొంత నంబరు, సొంత ఈమెయిల్ పెట్టుకోవాలి. రిఫండ్ మన ఖాతాకే పడాలి. రిటర్న్ వేసే ముందు ఏఐఎస్ తెరిచి వరసకు వరస చదవాలి. ఆ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ మన పాన్, పుట్టినతేదీ కలిపినదే కనుక ఆ రెండూ తెలిసిన ఎవరైనా దాన్ని తెరవగలరని గుర్తుంచుకోవాలి. ఏడాదికోసారి ఉచితంగా వచ్చే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటే మన పేరుతో అప్పులేమైనా పుట్టాయేమో కనిపిస్తుంది. ఆధార్ చూపాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. “రిఫండ్ వచ్చింది, ఈ లింకు నొక్కండి” అన్న సందేశాన్ని పన్ను శాఖ పంపిందని నమ్మకూడదు. డబ్బు పోయిందని తెలిస్తే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయాలి. ఇక, చదవని కాగితం మీద సంతకం పెట్టకూడదు. పెట్టమన్నది ఎవరైనా సరే. అన్నిటికన్నా కష్టం ఇదే.

ఇదంతా చదువు, జీతం, పాన్ కార్డు ఉన్న మన గురించి. మన ఇళ్లలో పనిచేసే ఆమె సంగతి? ఆమె ఆధార్ జిరాక్స్ అపార్ట్‌మెంట్ సంఘం బీరువాలో ఉంటుంది, ఏజెంటు ఫోన్లో ఉంటుంది, పొదుపు సంఘం అప్పు ఇప్పించినవాడి సంచిలో ఉంటుంది. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు తీసి సిమ్ కార్డులు పుట్టించిన కేసు బయటపడింది. పలక పట్టని చేతులకు వేలిముద్రే సంతకం. అది పోతే మార్చుకోవడానికి ఇంకో వేలు ఉండదు. మన పాస్‌వర్డులు మార్చుకున్నాక, ఆమె జిరాక్స్ మీద “ఫలానా పనికి మాత్రమే” అని తేదీ వేసి అడ్డంగా రాయించడం, పని అయిపోయాక ఆ కాగితం ఆమెకు తిరిగి ఇప్పించడం కూడా మన పనే.