నమ్మకస్థుడైన కవచధారి



నమ్మకమైన దుష్టుని గూర్చి ఈ నెల మీతో మాటలాడగోరుచున్నాను. దుష్టుడు నమ్మకస్థుడెట్లగునని మీరడుగవచ్చును. మన ఇండ్లలోని పిల్లలకు ఈ సంగతి బాగుగా తెలియును. వారు సెల్‌ఫోనులో చూచు జపాను దేశపు బొమ్మల చిత్రములలో, రాబోవు కాలపు యుద్ధములలో, నిలువెల్ల లోహపు కవచము తొడిగి, ముఖము కనబడకుండ శిరస్త్రాణము పెట్టుకొని, తన ప్రభువు మాటకు ప్రాణమిచ్చు సేనాని యొకడు తరచుగా ఉండును. కథానాయకుడు వానితోనే పోరాడవలెను. అయినను పిల్లలు వానిని ద్వేషింపరు. నస్రుల్లాబాదులో మా ఇంటి పిల్లవాడొకడు అట్టివాని బొమ్మను పుస్తకపు అట్టమీద గీసికొని, "తాతా, వీడు చెడ్డోడే, కాని తన రాజును ఎన్నడు మోసం చెయ్యడు" అని నాతో చెప్పెను. ఆ "కాని" అను మాట నన్ను పట్టుకొన్నది.

మన తెలుగువారును ఇట్టి చిత్రమొకటి తీసిరి. నాగ్ అశ్విన్ గారి "కల్కి 2898 ఏ.డి." 2024 జూన్ 27న విడుదలయ్యెను. దానికి ముందు, మే నెలాఖరున, "బుజ్జి అండ్ భైరవ" అను రెండు భాగముల బొమ్మల కథయు వచ్చెను. చిత్రములోని కథ కాశీలో జరుగును. నీళ్లు లేవు, పంట లేదు. ఊరి పైన ఆకాశమున తలక్రిందులైన గోపురమువంటి కట్టడమున్నది. దాని పేరు కాంప్లెక్స్. అందు యాస్కిన్ అను ప్రభువు, స్త్రీల గర్భములనుండి రసమును తీయించి, తన ముసలి దేహమును నిలుపుకొన జూచుచుండును. సుమతి అను గర్భవతి అక్కడనుండి పారిపోవును. ఆమెను పట్టి తెచ్చుటకు బయలుదేరువాడు మానస్ అను సేనాని. వాని వెంట ముఖములు కనబడని కవచధారులు నడుతురు.

చూచినవారు ఒక సంగతి గమనించియుందురు. యాస్కిన్ పైననే కూర్చుండును. క్రిందనున్న బీదలకు వాని ముఖము కనబడదు. వారి గడపకు వచ్చునది మానస్ మాత్రమే. ప్రభువు దుర్మార్గము ఎంత గొప్పదైనను, దానికి కాళ్లును చేతులును కావలెను గదా. ఆ కాళ్లు, చేతులు నమ్మకస్థులైనవారివి.

మా చిన్ననాట ఈ ప్రాంతమున సినిమాలు అరుదు. చిందువారు వచ్చెడివారు. అప్పుడిది నిజామాబాదు జిల్లా. 2016లో కామారెడ్డి జిల్లా అయ్యెను. చిందు ఆటకు మన జిల్లా పుట్టిల్లు వంటిది. బోధను ప్రాంతపు చిందుల ఎల్లమ్మ గారు 2005లో గతించువరకు ఆ కళకు పేరు తెచ్చిరి. జనగామ జిల్లావారైన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చినది. తేలిక చెక్కతో చేసి, రంగులు పూసిన కిరీటమును, భుజకీర్తులను కట్టుకొని దుష్టపాత్ర వచ్చి ఎగిరినప్పుడు, మేము తల్లుల కొంగులచాటున దాగి, వ్రేళ్ల సందులనుండి చూచెడివారము. మా వాడలో మంచి వేషములకంటె చెడ్డ వేషములకే గింజలు ఎక్కువ పడెనని పెద్దలు నవ్వుకొనుట నాకు జ్ఞాపకము.

తెలుగువారికి నమ్మకమైన కవచధారి యనగా కర్ణుడే. కవచము అతనికి ఎవరును తొడుగలేదు, పుట్టుకతోనే వచ్చినది. సూతుని యింట పెరిగిన అతనిని నలుగురిలో చులకన చేసినప్పుడు, దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. ఆ మేలును అతడు చచ్చువరకు మరువలేదు. నీవు కుంతి కుమారుడవని కృష్ణుడు చెప్పినను పక్షము మార్చలేదు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషమున వచ్చి అడుగగా, మోసమని ముందే తెలిసియు, ఒంటినుండి కవచమును కోసి యిచ్చెను. 1977లో నందమూరి తారక రామారావు గారు "దానవీరశూరకర్ణ" తీసి, కర్ణుడుగాను, దుర్యోధనుడుగాను, కృష్ణుడుగాను తామే కనబడినప్పుడు, జనము కర్ణునికొరకు కన్నీరు కార్చిరి. కల్కి చిత్రపు చివరను భైరవ కర్ణుడని తెలిసినప్పుడు యౌవనస్థులు ఈలలు వేసిరి. ఆ ప్రేమ తప్పని నేననను.

అయితే సభాపర్వమును చదువుడి. జూదములో ఓడిన ద్రౌపదిని సభకు ఈడ్చుకొని వచ్చినప్పుడు, ఇది అన్యాయమని లేచి పలికినవాడు దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు. అతనిని గద్దించి కూర్చుండబెట్టినవాడు కర్ణుడు. ఆమె వస్త్రము లాగుమని చెప్పినవాడును కర్ణుడే. తరువాత చాల ఏండ్లకు, దుర్యోధనుని సంతోషపెట్టుటకు పాండవులతో తాను పలికిన కఠినపు మాటలకు ఇప్పుడు మనస్సు కాలుచున్నదని కృష్ణునియొద్ద ఒప్పుకొనెను. మీరు దీనిని గమనింపవలెను: అతనికి తెలియును. తెలిసియు ఉండెను. వికర్ణుడును అన్నను విడువలేదు, కౌరవుల పక్షముననే పోరాడి చచ్చెను. చంపిన భీముడే అతనికొరకు దుఃఖించెను. ఇద్దరును నమ్మకస్థులే. ఒకనికి ఆ ఒక్క దినమున కాదు అను మాట నోటికి వచ్చినది, ఇంకొకనికి రాలేదు. వికర్ణునికి మన ఊళ్లలో పాటయు లేదు, ఆటయు లేదు.

సమూయేలు మొదటి గ్రంథములో ఇట్టిదే మీకు కనబడును. నోబులోని యాజకులను చంపుడని సౌలు తన కావలివారికి ఆజ్ఞ ఇచ్చినప్పుడు, వారు చేయి ఎత్తలేదు. ఎదోమీయుడైన దోయేగు ముందుకు వచ్చి ఒక్క దినమున 85 మందిని చంపెను. రాజు ఒక్కడే, ఆజ్ఞయు ఒక్కటే. ఆ కావలివారిని సౌలు శిక్షించెనని అక్కడ వ్రాయబడలేదు. వారి పేర్లును వ్రాయబడలేదు. దోయేగు పేరు మాత్రము నిలిచినది.

నేను ఈ సంగతిని పుస్తకములనుండి మాత్రమే నేర్చుకొనలేదు. మా తాత, 1948కి ముందు, ఈ చుట్టుపట్ల ఒక ఊరి గడీలో దొరకు కావలివాడు. ఊరి పేరు చెప్పను. దొర ఇచ్చిన పాత ఖాకీ కోటును ఆయన వేసవిలో సహితము విప్పెడివాడు కాడట. చేతిలో పొన్ను వేసిన కర్ర. గడీ గింజ ఒకటియు ఆయన ఇంటికి రాలేదు. మా నాయనమ్మ పస్తులున్న దినములు కలవు. దొర కుటుంబము హైదరాబాదుకు పోయిన తరువాత, జీతము లేకయే ఆ ఖాళీ గడీకి నాలుగు సంవత్సరములు కాపలా కాచెను. నమ్మకమును గూర్చి ప్రసంగించువారు ఎవరైనను మా తాతను ఉదాహరణగా చూపవచ్చును.

వెట్టికి జనమును పిలుచుకొని వచ్చుటయు ఆయన పనియే. రానివారిని కొట్టుటయు ఆయన పనియే. వారు మన వాడవారే.

ఒక నాటునాడు పొలమునకు మనుష్యులు తక్కువైరి. మూడు దినముల బాలింతరాలు ఒకతె గుడిసెలో ఉండెను. ఆమెను తీసికొని రమ్మని దొర మొదట చెప్పినది మా తాతతో కాదు, ఆయన తోడి కావలివానితో. ఆ మనిషి కర్రను గడీ మెట్లమీద పెట్టి, "ఇది నాతోని కాదు దొరా" అనెను. వానిని గుంజకు కట్టి కొట్టిరి, పని తీసివేసిరి. తరువాత మా తాత పోయెను. ఆమె పసిబిడ్డను చెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టి, సాయంకాలమువరకు మోకాలిలోతు బురదలో నాటు వేసెను. బిడ్డ బ్రదికెను. తల్లి ఆ సంవత్సరము దాటలేదు.

ఈ కథను నాకు చెప్పినది ఇతరులు కారు, మా తాతయే. నేను పదునాలుగేండ్లవాడనై యుంటిని. ఎందుకు పోతివని అడిగితిని. "ఆయన ఉప్పు తిన్న బిడ్డా" అనెను. మరి ఆ రెండవ మనిషి సంగతేమి అంటిని. కొంచెము సేపు ఆలోచించి, కోపము లేకుండ, "వాడు మంచోడే, కాని నమ్మకస్థుడు గాదు" అనెను.

నాకు చేపలు పట్టుట నేర్పినది ఆయనయే. జ్వరము వచ్చినప్పుడు మెడమీద మోసికొని బాన్సువాడకు నడచినది ఆయనయే. ఆయనను నేను ప్రేమించితిని, ఇప్పటికిని ప్రేమించుచున్నాను. అందుచేతనే నమ్మకము అను మాటను ఒంటరిగా పొగడుట నాకు చేతకాదు. ఎవనికి నమ్మకమని అడుగుదును. ఏ గడపకు పొమ్మన్నప్పుడు నిలిచిపోవునని అడుగుదును. ఇప్పుడు గడీలు లేవు. అయినను నాయకులున్నారు, అప్పులిచ్చువారున్నారు, వారి ఉప్పు తిన్న మన పిల్లలున్నారు. ఎన్నికల దినములలో మోటారుసైకిళ్లమీద వాడకు వచ్చి బెదరించువారిలో నేను బాప్తిస్మపు దినమున ఎత్తుకొన్నవారు కొందరు కలరు. వారును పెద్దాయన చెప్పినాడనియే అందురు.

కల్కి చిత్రములో నాకు నచ్చినది అశ్వత్థామ సంగతి. దుర్యోధనుని తృప్తికొరకు నిద్రించుచున్న బాలురను చంపినవాడతడు. ఉత్తర గర్భములోని శిశువుమీదికి అస్త్రము విడిచినవాడతడు. ఈ కథలో అతడు ఆరువేల సంవత్సరములు బ్రదికి, ముసలివాడై, సుమతి గర్భమునకు కావలి కాయును. ఎవరిని పట్టుకొనుటకు కవచధారులు వచ్చుచున్నారో ఆమె యెదుట కర్ర పట్టుకొని నిలుచును. అంత దీర్ఘకాలము మనుష్యులకు దొరకదు. మా తాతకు ఇరువది మూడు సంవత్సరములు దొరికినవి.

ఆయన 1971లో చనిపోయెను. కబురు పంపినను హైదరాబాదునుండి ఎవరును రాలేదు. ఖాకీ కోటును పెట్టెలో పెట్టవలెనా వద్దా అని ఇంటివారు తర్కించుకొని, చివరకు పెట్టలేదు. పెట్టెను మోసిన నలుగురిలో ముందు కుడిప్రక్క నడచినవాడు, మెట్లమీద కర్ర పెట్టిన ఆ మనిషి. వీపుమీది చారలు చొక్కా చిరుగులలోనుండి కనబడుచుండెను. భుజము మార్చుకొమ్మని మేము రెండుమారులు అడిగితిమి. సమాధులతోట వరకు మార్చుకొనలేదు.