పీడీ గారి స్టాప్‌వాచ్

మంగళగిరి నుంచి గుంటూరు వెళ్లే హైవే మీద కాజ టోల్‌గేట్ దాటాక ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం వస్తుంది. మాఘమాసం పొద్దున. మంచు ఇంకా విడవలేదు గానీ మైదానంలో సున్నం గీతలు అప్పటికే పడ్డాయి. ఊళ్లలో మిరపకాయలు కల్లాలకెక్కే రోజులివి. ఫాల్గుణం రాగానే మంగళగిరిలో నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు, కాలేజీల్లో పరీక్షలు, ఆపైన ఎండలు. చలిదేశాల వాళ్లు మంచు కరిగాక వసంతంలో మైదానాల్లోకి వస్తారు. మన కాలేజీల స్పోర్ట్స్ డే వసంతం రాకముందే ముగిసిపోవాలి.

ఒక కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు పిల్లల్ని తీసుకొచ్చి వార్మప్ చేయిస్తున్నారు. స్పోర్ట్స్ డే పోటీలు మీ కాలేజీలో ఎప్పటినుంచి ఉన్నాయని అడిగాను.

"నాకు ముందున్న సారు చెప్పిందేనండీ, రాసిపెట్టింది ఏదీ లేదు. షీల్డులున్నాయి, బీరువాలో."

నాకు ఒళ్లు మండింది. పాఠాల చరిత్ర రాసుకున్న కాలేజీలు పరుగుల చరిత్రను బీరువాకు వదిలేశాయి.

తెలిసినంతలో ఈ కాలేజీలూ, వాటి ఆటలూ నడిచొచ్చిన దారి ఇదీ. గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషన్ వాళ్లు 1885లో పెట్టిన కాలేజీయే తర్వాత ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ అయింది. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. మన డ్రిల్లు మాస్టార్లకు అదే పుట్టిల్లు. 1924 ప్యారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు వెంట బక్ కూడా ఉన్నాడు. నాగార్జున విశ్వవిద్యాలయం వయసులో చిన్నది. 1967లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై, 1976లో విశ్వవిద్యాలయమైంది.

కాలేజీలో గెలిచినవాళ్లు ఇంటర్ కాలేజియేట్‌కు, అక్కడ మెరిసినవాళ్లు అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తారు. ఈ నిచ్చెన పై మెట్టు మీద జరిగిన కథ మాత్రం ఎవరూ మరిచిపోకూడదు.

2020 జనవరి, కర్ణాటకలోని మూడబిదిరి. నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి వంద మీటర్ల హర్డిల్స్‌కు దిగింది. పది హర్డిళ్లు, ఒక్కొక్కటి 84 సెంటీమీటర్ల ఎత్తు. వాటిని దాటి 13.03 సెకన్లలో గీత చేరింది. అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డు 13.38. అయినా జ్యోతి పరుగు రికార్డు కాలేదు. అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేడు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 పరిగెత్తింది. ఈసారి గాలి అడ్డొచ్చింది. సెకనుకు 2.0 మీటర్ల వరకే అనుమతి, వెనకనుంచి వీచింది 2.1. నెల తిరిగేసరికి సైప్రస్‌లో 13.23 పరిగెత్తితే రికార్డు పుస్తకంలోకెక్కింది. ముందు రెండు పరుగులకన్నా నెమ్మదైన పరుగది! 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం, 2024లో ప్యారిస్ ఒలింపిక్స్. వంద మీటర్ల హర్డిల్స్‌లో భారత్ తరఫున ఒలింపిక్ ట్రాక్ మీద నిలబడ్డ మొదటి అమ్మాయి ఆమే.

పీడీ గారికి ఆ గాలి సంగతి బాగా తెలుసు. మెడలో వేలాడుతున్న స్టాప్‌వాచ్ చూపించారు.

"దీంతో తీసిన టైము పై పోటీల్లో చెల్లదండీ. తుపాకి పొగ చూసి బొటనవేలు నొక్కేసరికే కాస్త కాలం పోతుంది. కరెంటు గడియారంతో పోల్చాలంటే 0.24 సెకను కలుపుతారు."

"మరి మీ పాత షీల్డుల మీద టైములో?"

"అన్నీ బొటనవేలివే."

నవ్వి, లైన్లోకి రమ్మని ఈల వేశారు. అటు చివర ఒక అమ్మాయి బూట్లు విప్పేసి వట్టి కాళ్లతో నిలబడింది. సార్ వద్దంటున్నారు, ఆమె వినడం లేదు.