నల్ల కొళాయి, నల్లబండ

2021లో కడపలో ఇల్లు కట్టేటప్పుడు ప్రతి మూట సిమెంటుకూ లెక్క రాసిన నేను, కొళాయిల దగ్గర మాత్రం పుస్తకం మూసేశాను. మెరుపు లేని నలుపు, పలకలాంటి సన్నని ముక్కు, ఒకే పిడి, మిగతా అంతా గోడ లోపలికి పోయే కన్సీల్డ్ రకం. రెండు స్నానాల గదులకూ వంటింటికీ కలిపి 46 వేలు. మామూలు ఇత్తడి క్రోమ్ కొళాయిలైతే 17 వేలతో అయిపోయేది. తేడా 29 వేలు ఇంటి అప్పులో కలిస్తే కంతు నెలకు 240 పెరుగుతుంది, అంతేగా అనుకున్నాను. ఎనిమిది శాతం వడ్డీతో ఇరవయ్యేళ్లకు అది 58 వేలవుతుందని ఆ రోజు గుణించి చూడలేదు.

ఆరు నెలలకే ఆ నలుపు మీద తెల్లటి చారలు కట్టాయి. మా నేల కింద ఉన్నవి సున్నపురాయి పొరలు. బోరు నీళ్లు ఆ సున్నాన్ని కరిగించుకుని పైకి వస్తాయి. నీరు ఆరిపోయాక సున్నం మిగులుతుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా విడిపడుతుంది కాబట్టి గీజరు గొట్టం వైపు మరీ మందంగా పేరుకుంది. యాసిడ్ పోస్తే రంగు పూత లేచిపోతుందని మా ఇంటామె నిమ్మచెక్కతో రుద్దింది. రెండో ఏడు ఒక గదిలో లోపలి కార్ట్రిడ్జ్ సున్నం పట్టి బిగుసుకుపోయింది. "బాడీతో సహా మార్చల్లన్నా, టైల్సు పగలగొట్టల్ల" అన్నాడు ప్లంబరు. 8,500 ఖర్చయింది. ఆ రంగు టైల్సు మళ్లీ దొరకలేదు.

షోరూంలో కొళాయిలకు నీళ్లుండవు. నేను చూసి మురిసింది నీటిచుక్క తగలని కొళాయిని.

వంటింటి గట్టుకు మాత్రం బేల్దారి మాట విన్నాను. క్వార్ట్జ్ వద్దు సార్, మన కడప బండే వెయ్యండి అన్నాడు. అదీ సున్నపురాయే, నార్జి సున్నపురాయి. నాలుగేళ్లుగా వేడి గిన్నెలు, రోకలి దెబ్బలు ఓర్చుకుంటోంది. కొళాయి రుద్దినప్పుడు నిమ్మరసం కారి నాలుగు చోట్ల పాలిపోయింది. సున్నపురాయికి పులుపు పడదు. కొబ్బరినూనె రాస్తే ఆ మచ్చలూ కొంత కమ్ముకుంటాయి.

2025 మార్చిలో ఎలక్ట్రిక్ బండి కొనాల్సి వచ్చినప్పుడు ఈ కొళాయే కళ్లముందు ఉంది. బెంగళూరు కంపెనీ అల్ట్రావయొలెట్ 2022 నవంబరులో తెచ్చిన ఎఫ్77 మోటారుసైకిల్ మీద మా తమ్ముడు మనసు పడ్డాడు. అప్పుడే దాని ధర 3 లక్షల 80 వేలు. దాని ఒంపులు చూస్తే నాకూ మనసు లాగింది. మా నాయన ఫోటో చూసి, "గ్యాసు బండ యాడ పెడతావురా దీంట్లో?" అన్నాడు.

నాయన ఒకప్పుడు నడిపింది బజాజ్ చేతక్. మధ్యలో ఎప్పుడో ఆగిపోయిన ఆ పేరు 2020 జనవరిలో కరెంటు బండిగా తిరిగొచ్చింది. షోరూంలో నాయన దాని పక్క భాగాన్ని వేలి కణుపులతో తట్టి, "రేకే" అన్నాడు, ప్లాస్టిక్ కాదని తృప్తిగా. మార్చి దాటితే కరెంటు బండ్లకిచ్చే పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ సగమవుతుందని అమ్మేవాళ్లు తొందర పెట్టారు. అది నిజమే. కానీ అప్పుడు గరిష్ఠంగా 10 వేలు ఉన్నది 5 వేలయ్యేది. ఆ ఐదు వేల కోసం లక్ష దాటిన బేరాన్ని ఒక్క సాయంత్రంలో తేల్చాలనిపించలేదు. ఇంటికొచ్చి లెక్క వేశాను.

నెలకు 780 కిలోమీటర్లు తిరుగుతాను. పాత స్కూటరు లీటరుకు 45 ఇచ్చేది, లీటరు 110 చొప్పున నెలకు 1,900. కరెంటు బండి 90 కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు తాగుతుంది, యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 180. పెట్రోలు బండి కంటే ఎక్కువ పెట్టాల్సింది 40 వేలు. ఇక్కడ ఆగలేదు. మే నెల కడప ఎండలో నిలబెడితే బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. అందుకని వాకిట్లో రేకుల పందిరికి 9 వేలు కలిపాను. రెండున్నరేళ్లలో తిరిగొస్తుందని తేలాక, మార్చి ఆఖరి వారంలో ఆ చేతక్కే తీసుకున్నాను.

పెట్రోలు మీద మిగిలే డబ్బులో వెయ్యి రూపాయలు నెలనెలా పోస్టాఫీసు ఆర్డీలో వేస్తున్నాను. రెండో గదిలోని నల్ల కొళాయి తిప్పినప్పుడల్లా గరగరమంటోంది. ఈసారి గోడ బయట ఉండే ఇత్తడి కొళాయిలకు ధర అడిగి పెట్టుకున్నాను.