మార్జాల దంతం: దయకు మితి



భక్తిశాస్త్రంలో మార్జాలకిశోర న్యాయం సుప్రసిద్ధం. వానరశిశువు తల్లి ఉదరాన్ని తానే గట్టిగా పట్టుకొంటుంది. పిల్లికూన ఏమీ చేయదు. తల్లియే దానిని నోట కరచుకొని క్షేమస్థానానికి చేరుస్తుంది. శరణాగతి విచారంలో వడగలై సంప్రదాయం మొదటి దృష్టాంతాన్ని, తెంగలై సంప్రదాయం రెండవ దృష్టాంతాన్ని స్వీకరించాయి. ఇందులో కూన యొక్క నిశ్చింతను అందరూ గ్రహిస్తారు; తల్లి నోటిని గమనించేవారు అరుదు. ఎలుకను చంపేవీ ఆ దంతాలే, కూనను మోసేవీ ఆ దంతాలే. భేదమంతా పట్టులోని మితిలో ఉంది. టెక్కలిలో ఒక శివాలయ ద్వారం వద్ద గత కార్తికంలో జరిగిన స్వల్ప సంఘటన ఆ మితినే బోధిస్తుంది.

ఆ ద్వారం వద్ద పూలు, మారేడు దళాలు అమ్ముకొనే వృద్ధురాలి స్వగ్రామం ఉద్దానంలో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అక్కడి కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినప్పుడు ఆమెకున్న కొద్దిపాటి తోట కూడా పోయింది. అటుపిమ్మట మూత్రపిండవ్యాధితో భర్త కాలం చేశాడు. ఆమె టెక్కలికి వచ్చి పూలబుట్టను జీవనాధారం చేసుకొంది.

ఆశ్వయుజ బహుళంలో ఒక బూడిదరంగు పిల్లి ఆ బుట్ట నీడకు చేరింది. చెవుల అంచుల నుండి ముఖం, మెడ వరకు మందమైన పక్కు కట్టింది. కన్నులు సగమే తెరుచుకొనేవి. గోకి గోకి చర్మం రక్తసిక్తమైంది. కార్తికం సమీపిస్తున్నందున కొందరికి ఆందోళన కలిగింది. గజ్జిపిల్లి మండపంలో తిరిగితే మైల అన్నారు. గోనెసంచిలో వేసి ఊరి వెలుపల వదలమన్నారు.

ఆలయ అర్చకులు సాంగంగా వేదాధ్యయనం చేసినవారు. నిత్యం వైశ్వదేవం చేసి భూతబలి సమర్పించేవారు. పిల్లిని తరమవద్దని ఆయనే వారించారు. అంతటితో ఆగక వేపనూనెలో పసుపు, కర్పూరం కలిపి ఒక ఇత్తడి గిన్నెలో తెచ్చారు.

“దీన్ని ఒళ్ళంతా పట్టించమ్మా. మూడు రోజుల్లో మాడిపోతుంది” అన్నారు.

మరొక భక్తుడు మనుష్యుల గజ్జికి పూసే బెంజైల్ బెంజోయేట్ సీసా ఇచ్చాడు. ఇద్దరినీ ప్రేరేపించినది దయయే. ఆమె రెండింటినీ ప్రక్కన పెట్టింది.

“తప్పుగా అనుకోకండి పంతులుగారూ. మా ఆయనకి ఒళ్ళునొప్పులని కొట్లో మాత్రలు నేనే కొని తెచ్చీదాన్ని. మంచికే తెచ్చినాను. కిడ్నీలకి అవి పడవని పెద్దాసుపత్రిలో చెప్పీసరికి ఆలస్యమైపోనాది. దీని ఒంటికి ఏది పడతాదో డాక్టరు బాబునే అడుగుతాను.”

అర్చకులు మారు పలకలేదు. ఉద్దానపు వ్యాధికి మూలకారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైనదీ అందుకే. అయితే దెబ్బతిన్న మూత్రపిండాలను నొప్పిమాత్రలు మరింత కుంగదీస్తాయన్నది వైద్యులు నిశ్చయంగా చెప్పే మాట. ప్రేమతో ఇచ్చినదైనా ఆ దేహానికి సరిపడకపోతే విషమే. ఆ సత్యాన్ని ఆమె గ్రంథంలో చదవలేదు.

కార్తికమంటే పూలకు గిరాకీ ఉన్న మాసం. అయినను శుద్ధ విదియనాడు ఆమె వ్యాపారం మాని, పిల్లిని పాత తువాలులో చుట్టి, పూలబుట్టలోనే ఉంచి పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళింది. మధ్యాహ్న నివేదన ముగించుకొని అర్చకులూ వెంట వెళ్ళారు. వైద్యుడు చెవి అంచున చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూశాడు. అది నోటోఎడ్రిస్ కాటి అనే గజ్జిపురుగు. చర్మపు పైపొరలో సొరంగాలు త్రవ్వి అందులోనే గ్రుడ్లు పెడుతుంది.

గిన్నెలోని నూనె సంగతి విని ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పంతులుగారూ, పిల్లి ఒంటికి ఏది పూసినా దాని చేత తినిపించినట్టే. నాకేస్తుంది. మన కాలేయం విరిచి బయటికి పంపే పదార్థాలు కొన్నింటిని దాని కాలేయం పంపలేదు. కర్పూరం, ఆ సీసాలో మందు, కుక్కల పేలకు వాడే పెర్మెత్రిన్ అన్నీ దీనికి ప్రమాదమే.”

పిల్లి బరువు తూచారు. రెండున్నర కిలోలు. ఆ బరువుకు లెక్కగట్టిన ఐవర్‌మెక్టిన్‌ను చర్మం క్రింద సూదిమందుగా ఇచ్చారు. పశువులకు వాడే మందే అయినా అంచనాతో ఎక్కించరాదని, మోతాదు మించితే నాడీమండలం దెబ్బతిని ప్రాణం పోవచ్చునని వైద్యుడు హెచ్చరించాడు. ఆ మందుకు గ్రుడ్లు చావవు. కనుక రెండు వారాలకు మళ్ళీ రావాలి. పడుకొనే గుడ్డలను మరగబెట్టాలి. పిల్లిని ముట్టిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మనుష్యులకు కూడా కొద్దిరోజులు దురద పుట్టవచ్చును.

ఐవర్‌మెక్టిన్‌కు మూలం జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి. దానిని వెలికితీసిన సతోషీ ఓమురాకు, మందుగా రూపొందడానికి దారిచూపిన విలియం క్యాంప్‌బెల్‌కు 2015లో నోబెల్ బహుమతి లభించింది.

తిరుగుదారిలో అర్చకులను ఒక సందేహం బాధించింది. పురుగులూ ప్రాణులే కదా! మనుస్మృతి తృతీయాధ్యాయం భూతబలికి అర్హులను పేర్కొంటూ శునకాలను, కాకులను, వ్యాధిగ్రస్తులను, క్రిములను కూడా చేర్చింది. అయితే పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అనే ఐదింటి వద్ద గృహస్థుని చేత అనివార్యంగా హింస జరుగుతుందని, దానికి ప్రాయశ్చిత్తంగానే పంచమహాయజ్ఞాలు విధింపబడ్డాయని చెప్పినదీ ఆ అధ్యాయమే. శాస్త్రం హింస లేదని నటించలేదు. ఎంత అవసరమో అంతకు మించరాదన్నది. ఆ బలిని సైతం విసరక, మెల్లగా నేలపై ఉంచాలన్నది. ముప్పై ఏళ్ళుగా ఆయన అట్లే ఉంచుతున్నారు. తినే ప్రాణి వైపు ఏనాడూ తేరిపార చూడలేదని ఆ రోజు తోచింది.

కార్తిక పౌర్ణమి మరునాడు రెండవ సూదిమందు పడింది. పక్కు రాలిపోయి లేత గులాబిరంగు చర్మం కనిపించింది. మార్గశిరం నాటికి చెవులపై సన్నని నూగు మొలిచింది. పిల్లి ఎవరి ఒడికీ చేరలేదు. కృతజ్ఞత వంటిదేదీ ప్రదర్శించలేదు. బుట్ట ప్రక్కన ఎండలో పడుకొని ఒళ్ళు నాకుకొంటూ ఉంటుంది. ఇప్పుడు ఆ ఒంటిపై నాకరానిదేదీ లేదు.

అర్చకులు ఇత్తడి గిన్నెను చింతపండుతో రెండుసార్లు తోమి, కర్పూరపు వాసన పూర్తిగా పోయినదని నిర్ధారించుకొని, ఆమెకే ఇచ్చివేశారు. దానిలో ఇప్పుడు పిల్లికి నీళ్ళు పెడుతున్నారు.

స్వస్తి.