వకాల్తా అనే అమానత్తు

మన తెలుగు నేలపై కోర్టు వ్యవహారాలలో వినిపించే మాటలు అనేకం అరబ్బీ, పారసీ భాషల నుండి ఉర్దూ ద్వారా మనకు సంక్రమించినవే. అర్జీ, జామీను, వాయిదా, వకీలు, వకాల్తా అన్నవి పల్లెటూరి రైతుకు కూడ పరిచితమైన పదాలు. వకాలత్ అనగా అప్పగింత. తన పని తాను చేసుకొనలేని మనిషి విశ్వాసంతో దానిని మరొకరి చేతిలో పెట్టడమే ఆ మాటకు మూలార్థం. ఉర్దూలో దీనికి దగ్గరి చుట్టం అమానత్తు. ఒకరు నమ్మి దాచమని ఇచ్చిన సొమ్మును అలాగే తిరిగి ఇవ్వవలసిన బాధ్యత ఆ పదంలో ఇమిడి వుంది.

ఆ అప్పగింతకు ద్రోహం జరిగినప్పుడు శిక్ష ఏమిటన్న ప్రశ్న నా ముందుకు ఒక అర్జీ రూపంలో వచ్చింది. మా వీధిలో కుట్టుపని చేసుకొనే ఒక వృద్ధుడున్నారు. అందరమూ ఆయనను చాచా అనే పిలుస్తాము. దుకాణం ఖాళీ చేయమని యజమాని వేసిన దావాలో ఆయన ఒక వకీలును పెట్టుకున్నారు. ఫీజు ముట్టింది, వకాల్తా దాఖలైంది. ఆ తరువాత వకీలు వాయిదాలకు హాజరు కాలేదు. ఏకపక్ష డిక్రీ అయిన సంగతి చాచాకు అమీను వచ్చిననాడు గాని తెలియలేదు. “బేటా, నీవు తెలుగు పంతులువి, నాలుగు ముక్కలు రాసిపెట్టు” అని ఆయన కోరినందున నేను న్యాయవాదుల చట్టాన్ని చదవవలసి వచ్చింది.

1961 నాటి ఆ చట్టంలో 35వ సెక్షను ఈ విషయాన్ని చెబుతుంది. ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిలుకు చేరుతుంది. అందులో సారమున్నదని కౌన్సిలు నమ్మితే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘానికి పంపుతుంది. సంఘం ఉభయులనూ విచారించి, దోషం రుజువైతే మూడు విధాల శిక్షలలో ఒకటి విధించవచ్చు. మొదటిది మందలింపు. రెండవది కొంతకాలం వృత్తి నుండి నిలుపుదల. ఆ కాలంలో దేశంలోని ఏ న్యాయస్థానంలోను అతడు వకాల్తా నిర్వహించరాదు. మూడవది న్యాయవాదుల పట్టిక నుండి పేరు కొట్టివేయడం. ఆ ఉత్తర్వుపై 60 రోజులలో భారత బార్ కౌన్సిలుకు, అటుపై మరి 60 రోజులలో సుప్రీంకోర్టుకు అప్పీలు వుంది. ఏడాదిలోగా విచారణ ముగియకుంటే ఫిర్యాదు భారత బార్ కౌన్సిలుకు బదిలీ కావలసి వుంటుంది.

ఇదంతా విన్న చాచా ఒక్కటే అడిగారు: “ఆయన పేరు కొట్టేస్తే నా దుకాణం నాకొస్తుందా?”

రాదు. శిక్ష వకీలుకు పడుతుంది గాని, నష్టం కక్షిదారు దగ్గరే మిగిలిపోతుంది. డిక్రీ రద్దు కోసం సివిల్ ప్రొసీజరు కోడులోని 9వ ఆర్డరు క్రింద, గడువు దాటకుండా, అదే కోర్టులో వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. వకీలు గైరుహాజరీకి నిర్దోషి అయిన కక్షిదారు బలి కారాదని 1981లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక అప్పీలులో చెప్పి, ఖర్చులను ఆ వకీలు నుండే రాబట్టమని ఆదేశించింది. అటువంటి తీర్పు చాచా వంటి వారికి కొండంత అండ.

శిక్షను, నష్టపరిహారాన్ని ఒకచోట చేర్చిన తీర్పు కూడ ఒకటుంది. మద్రాసులో ఒక న్యాయవాది, ప్రామిసరీ నోట్లపై దావా వేయమని తనను నమ్మిన వినికిడి లేని వృద్ధుని మోసగించాడు. రాష్ట్ర కౌన్సిలు ఆరేళ్ల నిలుపుదల విధించగా, భారత బార్ కౌన్సిలు దానిని ఒక సంవత్సరానికి తగ్గించింది. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ నేరనిర్ధారణను ఖాయపరుస్తూనే, బాధితునికి 2,500 రూపాయలు చెల్లించాలని, ఒక ఏడాది పేదలకు ఉచిత న్యాయసహాయం మాత్రమే చేయాలని షరతులు పెట్టారు. అదే ధర్మాసనంలోని జస్టిస్ ఏ.పి. సేన్ ఇందుకు సమ్మతించలేదు. ఉదారమైన ఈ శిక్ష గురించి పెద్దలలోనే భేదాభిప్రాయం వుండగా నావంటి వాడు తీర్పు చెప్పబూనడం సాహసమే. అయినా, మోసపోయిన మనిషిని స్మరించిన శిక్ష కనుక నా మనసు కృష్ణయ్యర్ వైపే మొగ్గుతుంది.

న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సాధారణ సివిల్ దావాకు అవకాశమున్నా అది మరల ఖర్చుతో, కాలంతో కూడిన పని. కనుక పేదవానికి బార్ కౌన్సిలు తలుపే ముఖ్యమైన తలుపుగా మిగిలింది. కంచె చేను మేసినప్పుడు విచారించవలసిన వారు ఇతర కంచెలే కావడం వలన, ఆ సంఘాల మీద బాధ్యత మరింత పెద్దది. సకాలంలో రాని శిక్ష మందలింపు పాటి కూడ చేయదు.

చాచా రెండు కాగితాల మీదా సంతకం చేశారు. ఒకటి మరొక వకీలు ద్వారా కోర్టుకు, రెండవది కౌన్సిలుకు. రెండవదాని వలన మీకేమి లాభమని ఇంట్లోవారు అడిగితే, “నాకు జరిగింది ఆయన పేరు పక్కన ఎక్కడో ఒకచోట రాసి వుండాలి గదా” అన్నారు.

ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాది. తెలుగులోకి వచ్చేసరికి ఆ ముద్దాయి నిందితుడైపోయాడు. ఫిర్యాదు చేస్తే తామే దోషులుగా నిలబడవలసి వస్తుందేమోనని వెనుదీసే బీదలను చూసినప్పుడల్లా ఈ మాట నాకు గుర్తుకు వస్తుంది. విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు రేపు నల్లకోటు ధరిస్తారు. నిజాయితీగా శ్రమించే వకీళ్లు ఎందరో వున్న వృత్తి అది. ఫీజుతో పాటు మీ చేతికి వచ్చే కాగితాల కట్టలో ఒక మనిషి దుకాణమో, పొలమో, ఇల్లో వుంటుంది. తక్కినవారు ఇరుగుపొరుగున ఒక చాచాకు అర్జీ రాసిపెట్టగలిగితే, మీరు నేర్చిన నాలుగక్షరాలకు అది తగిన వినియోగమే.